ఆవిరి వాటా

అమావాస్య నాడు రాజ్యలక్ష్మికి అలారంతో పనిలేదు. అయిదు గంటలకల్లా వంటింట్లోంచి కాఫీ వాసన వచ్చి లేపేస్తుంది. కళ్ళు తెరవకముందే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఇంట్లో మిగతా నెలంతా టీయే. కాఫీ ఒక్క అమావాస్య పొద్దునే కాస్తారు, అదీ ఒక్క గ్లాసు, అదీ చనిపోయిన మనిషికి.

చనిపోయిన మనిషి ఆమె భర్త ధర్మతేజ. కాఫీ కాసేది అతని తల్లి లక్ష్మీతిరుపతమ్మ. ముప్ఫై ఎనిమిదేళ్ళ కింద తణుకు పక్క పల్లె నుంచి మొగుడి వెంట కర్ణాటకలో ఈ తుంగభద్ర కాలవ కిందికి వచ్చి, నల్లరేగడిని వరిమడి చేసి, మొగుడు పోయాక కూడా సేద్యం వదలని మనిషి. గోరేబాళ పక్కన, అలా వలస వచ్చిన తెలుగు రైతుల ఊరైన ఆ ఆంధ్రా క్యాంపులో తిరుపతమ్మగారు గట్టు మీద ఎదురొస్తే ట్రాక్టరు కూడా పక్కకి తప్పుకుంటుందని చెప్పుకునేవారు.

ఆ పొద్దున ఆమె తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, ఇత్తడి ఫిల్టర్లో దిగిన మొదటి డికాషన్ అంతా స్టీలు గ్లాసులో వంచేది. పొగలు కక్కే పాలు పోసి, రెండు చెంచాల పంచదార వేసి, కలపకుండా వదిలేసేది. కొడుక్కి కలిపితే నచ్చదు. ఆ గ్లాసు తీసుకెళ్ళి, ఇంటి వెనక ధాన్యం గోదాము గడప మీద పెట్టి వచ్చేది. బతికుండగా అతను రోజూ అక్కడే, బస్తా మీద కూర్చుని, పొలం చూస్తూ కాఫీ తాగేవాడు.

"అటు చూడకమ్మాయ్. పితృదేవత దిగే వేళ. ఆడదాని చూపు తగిలితే మరి రాడు" అని మొదటి నెలే కోడలికి చెప్పేసింది.

రాజ్యం చూసేది కాదు. గోడవైపు తిరిగి పడుకుని, దుప్పటి పళ్ళ మధ్య పెట్టుకుని, కాకులు అరిచేదాకా ఉండేది. తర్వాత వెళితే గ్లాసు ఖాళీ. అడుగున మిగిలిన పంచదార మీద అడ్డంగా ఒక వేలి గీత. ధర్మతేజకి పసితనం నుంచీ ఉన్న అలవాటది, కాఫీ అంతా తాగేసి అడుగున పంచదార చూపుడువేలితో గీకి నాకడం. మొదటిసారి ఆ గీత చూసినప్పుడు రాజ్యం గ్లాసుని గుండెకి హత్తుకుని అక్కడే కూలబడింది. ఇంకేం రుజువు కావాలి? వచ్చింది ఆయనే. దయ్యమైనా ఆయనే.

జరిగింది ఊరందరికీ తెలుసు. వినాయక చవితి వెళ్ళిన వారానికి, సింధనూరు నుంచి యూరియా బస్తాలు వేసుకుని వస్తుండగా మునిమాపు వేళ ట్రాక్టరు కాలవగట్టు మీంచి పక్కకి ఒరిగి, నిండు కాలవలో బోర్లా పడింది. నడుపుతున్నది ధర్మతేజ. మడ్‌గార్డు మీద కూర్చున్నది పాలేరు బసవప్ప. బసవప్ప మూడో రోజున కింది తూము దగ్గర తేలాడు. ధర్మతేజ తేలలేదు. ఈతగాళ్ళు దిగారు, వలలు వేశారు, మాన్వి దాకా మనుషులు వెళ్ళి వెతికారు. మింగిన మనిషిని ఎక్కడ కక్కాలో కాలవకే తెలియాలని పెద్దలు చేతులెత్తేశారు.

శవం లేని చావుకి మోదుగాకులతో, దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. పదకొండో రోజున పంతులుగారు విస్తరి ముందు కూర్చుని, "వేడివేడిగా వడ్డించండమ్మా. అన్నం కాకులకి. పోయినవాళ్ళు పుచ్చుకునేది ఆవిరే" అన్నాడు. ఆ రోజే తిరుపతమ్మ కోడలి గాజులు పగలగొట్టింది. బొట్టు చెరిపింది, పుస్తెలు తీసింది. తనూ ఆ గతి పట్టిన ఆడదే కనుక ఆ పని ఆమె చేతుల మీదే జరగాలన్నారు. కోడలి చేతులు పట్టుకుని తిరుపతమ్మ ఏడ్చిన ఏడుపుకి క్యాంపంతా కన్నీళ్ళు పెట్టుకుంది. పది రోజులు తిరక్కుండా మహాలయ అమావాస్య వచ్చింది. మొదటి కాఫీ గ్లాసు గోదాము గడప ఎక్కింది ఆ పొద్దునే.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ధర్మతేజ కళ్ళు నెలనెలా పెరిగాయి. ఆరేళ్ళ కాపురంలో అతను పెళ్ళానికి మూర పూలు తెచ్చిన పాపాన పోలేదు. ఆ ఇంట్లో మొదటి డికాషన్ మగవాడిది. దాని మీద మళ్ళీ వేణ్ణీళ్ళు పోస్తే దిగే రెండోది ఆడవాళ్ళది. అలా రాజ్యం ఆరేళ్ళు తాగిందంతా ఎర్రనీళ్ళే. పోయాక అదంతా ఆమెకి గుర్తులేదు. నెలకోసారి తనని చూడ్డానికి చావుని దాటుకుని వస్తున్నాడన్నది ఒక్కటే గుర్తుంది.

పెనుగొండ నుంచి అన్నయ్య ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "టీచర్ ట్రైనింగ్ చదివి అక్కడ వడ్లు తూర్పారబడుతూ కూర్చుంటావా? మా వీధి బళ్ళో ఖాళీ ఉంది, మాట్లాడి పెట్టాను. ఉగాది లోపు ఏదోటి చెప్పాలి, తర్వాత వాళ్ళు ఆగరు. ఇరవై తొమ్మిదేళ్ళు కూడా లేవే నీకు."

"కాలవ కట్టేయనీ అన్నయ్యా. నీళ్ళు తగ్గితే ఎముకైనా దొరుకుతుందేమో."

అది పైకి చెప్పే మాట. లోపలి మాట చెబితే అన్నయ్య నవ్వుతాడో ఏడుస్తాడో తెలియదు. నేను వెళ్ళిపోతే అమావాస్యకి ఆయన వచ్చి ఎవరి కోసం చూస్తారు?

బసవప్ప పెళ్ళాం రంగవ్వ ఆ ఇంట్లోనే పనిచేస్తోంది. నలభై అయిదేళ్ళ మనిషి, కన్నడం ఇంటి భాష, తెలుగు క్యాంపుల్లో కూలికి తిరిగి నేర్చుకున్నది. ఆమె నోట సగం మాటలు, సగం పాటలు. పెళ్ళిళ్ళలో సోబానె పదాలు పాడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఆమెనే పిలుచుకెళతారు. మొగుడు పోయాక పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. అంట్ల దగ్గర, కసువు ఊడుస్తూ మాత్రం పాడుతూనే ఉంటుంది.

"నాకైతే మనిషి దొరికిండు అమ్మా. మట్టి చేసిన, కడుపు తీర ఏడ్చిన. నీకు అదీ లేకపాయె" అని, తన దుఃఖం పక్కన పెట్టి రాజ్యం తల నిమిరేది. రాజ్యానికి ఆ ఇంట్లో దగ్గరి మనిషి ఎవరంటే రంగవ్వే.

మాఘమాసం వెళ్ళిపోయాక ఒక మంగళవారం పొద్దున, రంగవ్వ చీపురు పట్టుకుని గోదాము వైపు నుంచి వస్తూ ముక్కు ఎగబీల్చింది.

"ఏం కంపు అమ్మా గోదాము కాడ! ముక్కు నిండ కంపు!"

రాజ్యం చేతిలో పళ్ళెం జారింది. పరుగున వెళ్ళింది. అప్పటికి గాలి పొలం వైపు మళ్ళింది. గడప దగ్గర నిలబడి పీల్చింది. ఊక వాసన, గోనెపట్టా వాసన, అంతకు మించి ఏమీ లేదు. వెనకాలే తిరుపతమ్మ వచ్చింది, చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నా లెక్కచేయకుండా.

"పందికొక్కేదో చచ్చుంటుంది. నేను చూసుకుంటాలే. నువ్వు లోపలికి పో" అంది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

రాజ్యం లోపలికి వెళ్ళింది కానీ మనసు గోదాములోనే ఉండిపోయింది. రంగవ్వ ముక్కుకి తెలిసిన కంపు తన ముక్కుకెందుకు తెలియలేదు? నీళ్ళలో అన్ని నెలలు నానిన ఒళ్ళు ఎలా ఉంటుందో ఆమె తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకుంది. ఇన్నాళ్ళూ కాఫీ వాసనతో వచ్చినవాడు ఇప్పుడు కుళ్ళిన వాసనతో వస్తున్నాడు, అది కట్టుకున్నదానికి తప్ప అందరికీ తెలుస్తోంది. అలా అనుకున్నాక ఆమెకి అన్నం సహించలేదు.

తర్వాతి సోమవారం సాయంత్రం అత్తగారు గుడికి వెళ్ళిన సమయం చూసి గోదాము గడప చుట్టూ బ్లీచింగ్ పౌడరు చల్లింది. చల్లుతూ ఏడ్చింది. పొలాల్లో పురుగుల మీద మందు కొట్టినట్టు, కట్టుకున్నవాడి మీద బ్లీచింగ్ చల్లే ఆడదాన్ని దేవుడు ఏ నరకంలో వేస్తాడో అనుకుంది.

తెల్లవారాక వెళ్ళి చూసి అరవలేక నోరు నొక్కుకుంది. తెల్లటి పొడి మీద అడుగులు. మగవాడి చెప్పుల అడుగులు, గోదాములోంచి పొలం వైపు వెళుతున్నాయి. లోపలికి వచ్చిన అడుగు ఒక్కటి కూడా లేదు. లోపలికి రాని మనిషి బయటికి ఎలా వెళతాడు? చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. వెళుతున్నట్టు కనిపించేవి వస్తున్న అడుగులన్న మాట. వచ్చాడు, ఇంక వెళ్ళలేదు, లోపలే ఉన్నాడు.

మూడు రోజులు జ్వరం కాసింది రాజ్యానికి. ఎవరైనా సాయంత్రమే వచ్చి లోపల పడుకుని, పొడి చల్లాక లేచి బయటికి నడిచి ఉండవచ్చన్న చిన్న లెక్క ఆమెకి తట్టలేదు. నవ్వకండి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి కథకి అందరం నవ్వుతాం కానీ, ఎవరి చంక వారికి కనబడదు. పైగా ఆమెకి కనబడకుండా రెండు చేతులతో మూసినవాళ్ళున్నారు.

ఉగాది ఇంకో పది రోజులుందనగా కాలవ కట్టేశారు. నీళ్ళు దిగిపోయి అక్కడక్కడా మడుగులు మిగిలాయి. చేపలకి జనం ఎగబడ్డారు. రాజ్యం, రంగవ్వ కలిసి ట్రాక్టరు పడిన చోటికి వెళ్ళి, చీరలు ఎగ్గట్టి బురదలో దిగారు. పూటంతా కాళ్ళతో దేవితే ఒక చెప్పు దొరికింది. తెగిన పట్టీకి ఎర్రదారంతో కుట్టు వేసి ఉంది.

"నేను కుట్టిందే" అంది రంగవ్వ. కాలవ నడిబొడ్డున బురదలో కూర్చుని, ఆ చెప్పు ఒళ్ళో పెట్టుకుని, బసవప్ప ఆ పొద్దునే పోయినట్టు ఏడ్చింది. రాజ్యం ఆమెని పట్టుకుని లేపింది. తనకి మాత్రం ఏమీ దొరకలేదు. చెప్పు లేదు, గుడ్డపీలిక లేదు, ఎముక లేదు. తిరిగొస్తుంటే, ఈ కాలవకి నామీదే పగ అనుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం పెరట్లో మల్లెమొగ్గలు కోశారు. రంగవ్వ అరటినార చీలుస్తూ మాల కడుతోంది. నిన్నటి ఏడుపుతో గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, అయినా కూనిరాగం ఆగలేదు. పాటలో మల్లెపూవు వచ్చింది, దాని వెనకే కంపు అన్న మాట వచ్చింది. రాజ్యానికి ఎన్నో నెలల తర్వాత నవ్వొచ్చింది.

"ఇదేం పాట రంగవ్వా? మల్లెలు కంపు కొడతాయా ఎక్కడైనా?"

"కంపు లేకుంటే మల్లెను ఎవరు ముడుస్తరమ్మా?"

"అదేంటి?"

రంగవ్వ పని ఆపి ఆమె ముఖంలోకి చూసి పకపకా నవ్వింది. "అయ్యో నా తల్లీ! మా కన్నడంల కంపు అంటే మంచి వాసన. పాటలల్ల గట్లనే అంటం, నాకు నోటికి అదే వస్తది. గబ్బు కొడితే నాత అంటం. ఇన్నేండ్లాయె వచ్చి, గింత తెలవదా?"

రాజ్యం చేతిలో మొగ్గలు చేతిలోనే ఉండిపోయాయి. "మరి ఆ మంగళవారం గోదాము దగ్గర..."

"కాఫీ కంపు అమ్మా! అప్పుడే కాసిన కాఫీ. పెద్దమ్మ మనకు టీ పోసి, తాను చాటుకు పోయి కాఫీ తాగుతున్నదని నవ్వుకున్న. ఆమెకు చెప్పేవు మళ్ళ."

ఆ మంగళవారం దశమి. అమావాస్య కాదు. దశమి నాడు ఆ ఇంట్లో కాఫీ కాయరు. కాసినవాళ్ళు వంటింట్లో కాక గోదాము చాటునే కాశారు.

మొగ్గలు ఒళ్ళోంచి జారిపోతున్నా రాజ్యం కదల్లేదు. రంగవ్వ కంపు అన్నప్పుడు అత్తగారి ముఖం ఎందుకు పాలిపోయింది? ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ కన్నడపు కూలీల మధ్య బతికిన మనిషికి ఆ మాట అర్థం కాదా? అర్థమయ్యే పందికొక్కు అంది. పొడి మీద అడుగులు వెనక్కి తిరిగినవి కావు, ఎటు చూపిస్తున్నాయో అటే వెళ్ళాయి. ఇక పంతులుగారి మాట. పోయినవాళ్ళు పుచ్చుకునేది ఆవిరైతే, గ్లాసులో కాఫీ ఎవరు తాగుతున్నారు? పంచదార గీకిన వేలు ఎవరిది? ప్రతి నెలా ఆ గ్లాసు తోమింది తనే. ఆ గీతని తన వేళ్ళతోనే చెరిపింది.

మొదట ఆమెకి సంతోషం వేసింది. అది దాచడం దేనికి? బతికే ఉన్నారు అని లోపల ఒక గంట మోగినట్టయింది. రంగవ్వ తల వంచుకుని మాల కడుతోంది. ఆమె పక్కన గోడకి ఆనించి, కడిగి ఆరబెట్టిన ఒంటి చెప్పు ఉంది. దాన్ని చూశాక ఆ గంట ఆగిపోయింది. అప్పుడు వచ్చిన భయం ముందు, దయ్యం భయం ఏపాటిదీ కాదు.

రంగవ్వకి ఏమీ చెప్పలేదు. అన్నయ్యకీ చెప్పలేదు. నాలుగు రోజులు అత్తగారి ఎదురుగా అన్నం తిని, అంట్లు కడిగి, కొత్త అమావాస్య కోసం కాచుకుని కూర్చుంది.

ఆ పొద్దున కాఫీ వాసన రాజ్యాన్ని లేపలేదు. ఆమే ముందు లేచి, తలస్నానం చేసి, ఫిల్టర్లో పొడి వేసి వేణ్ణీళ్ళు పోసింది. ఆ వాసనకి తిరుపతమ్మ లేచి వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నువ్వెందుకు లేచావమ్మాయ్? ఇది నీ పని కాదు."

"ఈసారి నేను పెడతానత్తయ్యా."

"వద్దు. ఆడదాని చూపు..."

"అత్తయ్యా, కన్నడంలో కంపు అంటే ఏంటి?"

 ట్రాక్టర్లని పక్కకి తప్పించే మనిషి తలుపు రెక్క పట్టుకుని, దాన్ని పట్టుకునే మెల్లగా కిందికి దిగి, గచ్చు మీద కూర్చుంది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అంది రాజ్యం, పాలు దించుతూ.

"తొమ్మిదో రోజు ఫోన్ చేశాడు." ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది. "తాగి నడిపాడే. జైల్లో వేస్తారు, బసవప్ప మనుషులు కొట్టి చంపుతారు అని వణికిపోయాడు. పోయాడనుకున్న బిడ్డ అమ్మా అంటే ఏ తల్లి ఏం చేస్తుంది?"

"గాజులు పగలగొట్టింది పదకొండో రోజు."

తిరుపతమ్మ తల వంచుకుంది.

"తెలిసే పగలగొట్టారు."

"ఏడ్చాను కదే. నీకన్నా ఎక్కువ ఏడ్చాను. అది నాటకం అనుకున్నావా?" ఆమె కళ్ళు నిజంగానే నిండాయి. "నీకు చెబితే నువ్వు ఏడవ్వు. నువ్వు ఏడవకపోతే ఊరు నమ్మదు."

రాజ్యం చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదకొండో రోజు తను గుండెలు బాదుకుని ఏడ్చిన ఏడుపు కూడా తనది కాదు. దాన్ని వీళ్ళు వాడుకున్నారు, పొలం గట్టు మీద దిష్టిబొమ్మని వాడుకున్నట్టు. ఇన్ని నెలల్లో ఆమెకి నిజంగా కోపం వచ్చింది అప్పుడే.  డికాషన్ అంతా గ్లాసులో వంచి, పాలు పోసి, రెండు చెంచాల పంచదార వేసింది. కలపలేదు.

గోదాము తలుపు తోసేసరికి, బస్తాల చాటున దుప్పటి కదిలింది. లేచి కూర్చున్నవాడికి గడ్డం ఉంది, ఆమె ఎన్నడూ ఎరగని గళ్ళ చొక్కా ఉంది. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు కూడా. మొదట గ్లాసు వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు.

"రాజ్యం! నువ్వా? అమ్మేది?"

ఆమె తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా ఒక బస్తా మీద కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరి మధ్యా ఆవిరి లేస్తోంది.

"నిన్ను ఏడిపించాలని కాదే" అన్నాడు ధర్మతేజ. "గిల్లేసూగూరు దగ్గర కోళ్ళఫారంలో ఉంటున్నా, వేరే పేరుతో. ఇంకో ఏడాది ఓపిక పట్టు. గొడవ పాతబడ్డాక నిన్నూ తీసుకెళ్ళాలనే ఉంది."

"బసవప్ప ఎలా పోయాడు?"

"కాలవలో పోయాడు, తెలుసు కదా."

"మీరెలా పోలేదు?"

అతను గడ్డం రుద్దుకున్నాడు. చాలాసేపు కోళ్ళ గురించి, పోలీసుల గురించి, తన భయం గురించి చెప్పాడు. ఆమె ఆవిరి చూస్తూ కూర్చుంది. ఆఖరికి తల కిందికి వేసుకుని అసలు మాట చెప్పాడు.

"నాకు గట్టు రాయి దొరికింది. వాడికి ఈత రాదు. ట్రైలరు కొక్కేనికి వాడి లుంగీ చిక్కుకుంది. అప్పా, అప్పా అని రెండుసార్లు పిలిచాడు. చెయ్యి చాపితే అందేంత దూరమే. నాకు భయమేసింది రాజ్యం. గట్టెక్కి చెరుకు తోటలో పడి పరుగెత్తాను. ఇప్పటికీ కళ్ళు మూస్తే పిలుస్తాడు. కోళ్ళు కూసినా అలాగే వినిపిస్తుంది. నాకు నిద్దర లేదు తెలుసా?"

ఇన్ని నెలలూ దయ్యం తనని పట్టిందనుకుంది రాజ్యం. పట్టింది ఇతన్ని. అయినా జాలి రాలేదు. రాకపోయినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఇటివ్వు, చల్లారిపోతోంది" అని చెయ్యి చాపాడు.

"చల్లారనివ్వండి. మీ వాటా అయ్యేదాకా ఆగాను."

"ఏం వాటా?"

"ఆవిరి. పదకొండో రోజు పంతులుగారు చెప్పారు. వినడానికి మీరు లేరు కదా. పోయినవాళ్ళు పుచ్చుకునేది ఆవిరేనట. మిగతాది బతికున్నవాళ్ళది."

అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. గ్లాసు మీద ఆవిరి సన్నబడింది, ఇంకా సన్నబడింది, లేకుండా పోయింది. అప్పుడు రాజ్యం గ్లాసు ఎత్తి తాగింది. మొదటి డికాషన్ ఇంత చిక్కగా ఉంటుందని ఆమెకి తెలియదు. నాలుక మీద చేదు, దాని వెనక పాల కమ్మదనం, ఆ వెనక గొంతు దాకా గోరువెచ్చదనం. ఆపకుండా తాగింది. అడుగున మిగిలిన పంచదార చూపుడువేలితో గీకి నాకింది.

"పిచ్చెక్కిందా నీకు?"

"తాగాలనుంటే బతికి రండి. ఈ తలుపులోంచి, పట్టపగలు, అందరూ చూస్తుండగా రండి. అలా వస్తే రోజూ కాసిస్తాను, జైలుకైనా పట్టుకొస్తాను. లేదంటే మీరు పోయారు. నేను ఏడ్చాను. మళ్ళీ ఏడవను. అన్నయ్యకి ఈ రోజే ఫోన్ చేస్తాను."

బయట చీపురు చప్పుడు వినిపించింది. దాని వెంట బొంగురు గొంతు, మల్లెపూల పాట. రంగవ్వ పనికి వచ్చింది. ధర్మతేజకి ఆ గొంతు తెలుసు. బస్తాల వెనక్కి నక్కి, దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు.

"రాజ్యం, తలుపెయ్యవే. నీకు దండం పెడతా. గడియ పెట్టు."

ఆమె లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. పాట దగ్గరికి వస్తోంది. తలుపు సందులోంచి చూస్తే, ఇంటి గుమ్మంలో తిరుపతమ్మ నిలబడి, వద్దు వద్దు అన్నట్టు రెండు చేతులూ ఊపుతోంది. ఆ చేతులు చూస్తూనే రాజ్యం తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. తెల్లవారే వెలుగు గోదాము లోపలికి, బస్తాల దాకా పడింది.

రంగవ్వ చీపురు ఆపి ముక్కు ఎగబీల్చింది. "మళ్ళా అదే కంపు అమ్మా! కాఫీదేనా?"

"కాఫీదే రంగవ్వా" అంది రాజ్యం. "లోపలికి రా. ఎవరు తాగుతున్నారో చూద్దువు గాని."